ముందు కాటా ఎక్కండి

మా వార్డు కౌన్సిలరు వీరబ్రహ్మం గారి దగ్గరికి ఎవరు ఏ పని మీద వెళ్ళినా, ఆయన ముందు అడిగేది పేరు కాదు, ఇంటి నంబరు కాదు, ఓటు ఎవరికి వేశారన్నది అసలే కాదు. బరువు. అడిగి ఊరుకోరు కూడా. ఆఫీసు గుమ్మంలోనే ఒక కాటా ఉంటుంది. దాన్ని ఎక్కకుండా లోపలికి వెళ్ళాలంటే దూకాలి.

“కుళాయి రావట్లేదండి.”

“ముందు కాటా ఎక్కండి.”

“నాలుగు రోజులైందండి, నీళ్ళు లేక ఇంటిల్లిపాదీ...”

“అరవై ఎనిమిది. వెల్టర్ వెయిట్. ఇప్పుడు చెప్పండి.”

కుళాయి మర్నాటికి వచ్చేస్తుంది, అది వేరే సంగతి. కానీ ఆ మనిషి మాత్రం నెలరోజుల పాటు వీధిలో వెల్టర్ వెయిటు గారే.

ఆయన ఆఫీసు పక్కనే నా జిరాక్సు కొట్టు. మధ్యలో రేకు గోడ. నాలుగేళ్ళుగా ఈ మాటలు వింటున్నాను. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

“మాది బంగారం పని చేసే ఇల్లండీ,” అన్నారు. “గురిగింజ ఎత్తు తేడా వచ్చినా మా నాన్నకి అన్నం దిగేది కాదు. నేను ఆ త్రాసు వదిలేసి బాక్సింగ్ గ్లవ్స్ తొడిగాను. అక్కడా తూకమే. బెల్లు కొట్టక ముందే సగం న్యాయం జరిగిపోతుంది. పొద్దున్నే ఇద్దర్నీ తూస్తారు. ఉజ్జీ కుదిరితేనే రింగులో బౌటు, అంటే పోటీ. ఒకసారి రెండొందల గ్రాములు ఎక్కువొచ్చానని అక్కడికక్కడే గుండు కొట్టించుకున్నాను.”

“జుట్టు రెండొందల గ్రాములుందా అండీ?”

“నూట యాభై. మిగతా యాభై కోసం గంటసేపు ఉమ్ముతూ కూర్చున్నాను.”

అలా ఉమ్మి మరీ జాతీయ ఛాంపియన్ అయిన మనిషి, ఎన్నికల్లో నిలబడగానే పెద్ద చిక్కొచ్చింది. ఎదుటి అభ్యర్థి అనంతకృష్ణ మాష్టారు. రిటైరైన లెక్కల మాష్టారు. గాలి గట్టిగా వీస్తే సైకిలు దిగి స్తంభం పట్టుకునే మనిషి.

“మాష్టార్ని మైకులో నాలుగు తిట్టండి. జనం చప్పట్లు కొడతారు,” అన్నారు పార్టీ వాళ్ళు.

“ఆయన యాభై రెండు కిలోలండీ. నేను ఎనభై ఆరు. ఎలా తిడతాను? రూలు ఒప్పుకోదు.”

ఎంత చెప్పినా వినలేదు. ఈ సంగతి మాష్టారి చెవిన పడింది. ఆయన సైకిలేసుకుని నేరుగా వచ్చేశారు.

“ఏమయ్యా, నేను తిట్టడానికి కూడా పనికిరానా?”

“తప్పుగా అనుకోకండి మాష్టారూ. ఒక ముప్ఫై కిలోలు పెరిగి రండి. అప్పుడు కడుపునిండా తిడతాను.”

మాష్టారు కాసేపు కోపంగా చూసి, తర్వాత మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయారు. వీరబ్రహ్మం గారు నలభై ఒక్క ఓట్లతో గెలిచారు. అందులో మాష్టారి ఓటు కూడా ఉందని వీధిలో చెప్పుకుంటారు. మాష్టారు అవుననరు, కాదనరు.

గెలిచాక జబ్బు మరీ ముదిరింది. ఒకసారి సంపూర్ణమ్మ గారు, పక్కింటి బేబీ మురికి కాలవ దగ్గర తగాదా పడ్డారు. సంపూర్ణమ్మ గారు నిండు విగ్రహం. బేబీ చీపురుపుల్ల. పెద్దావిడ గొంతుకి ఆ పిల్ల గోడకి అతుక్కుపోయింది. వీరబ్రహ్మం గారు మధ్యలోకి వచ్చారు.

“ఆగండి, ఆగండి. ఇది ఉజ్జీ కాదు. సంపూర్ణమ్మ గారూ, మీరు అరవండి, వద్దనను. కానీ మీ బరువున్న వాళ్ళ మీద అరవాలి. ఇలా వచ్చి కాటా ఎక్కండి, మీకు సరిపడే మనిషిని నేనే వెతికి పెడతాను.”

సంపూర్ణమ్మ గారు కాటా వంక చూశారు. గుమిగూడిన జనం వంక చూశారు.

“తగాదా ఏముందండీ? బేబీ నాకు చెల్లెల్లాంటిది,” అని ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయారు. కాఫీ కూడా ఇచ్చారట.

ఇలా నవ్వుకుంటూ ఉండగా సత్యకుమారి సంగతి వచ్చింది.

సత్యకుమారి మా వీధుల చెత్త ఎత్తే మనిషి. ఆ మధ్య మునిసిపాలిటీకి కొత్త ఇనప బండ్లు వచ్చాయి. ఒక్కో బండికి నాలుగు పెద్ద డ్రమ్ములు. ఇల్లిల్లూ తిరిగి అవి నింపుకుని, గోదావరి గట్టు మీదికి తోసుకెళ్ళాలి. లారీ అక్కడ ఏడింటికి బయల్దేరిపోతుంది. ఆ గట్టు ఎక్కలేక సత్యకుమారికి నెలలో నాలుగుసార్లు లారీ తప్పింది. ఇంకోసారి తప్పితే ఒకటో తారీకు నుంచి పనిలోకి రావద్దని శానిటరీ ఇన్‌స్పెక్టరు సూర్యప్రకాశం గారు చెప్పేశారు. ఆ ఇంటికి ఆ పనొక్కటే ఆధారం.

అర్జీ రాయించుకుందామని నా కొట్టుకొచ్చి ఏడుస్తూ నిలబడింది. నేనే పక్క ఆఫీసుకి తీసుకెళ్ళాను.

“ముందు ఎక్కమ్మా,” అన్నారు వీరబ్రహ్మం గారు.

నాకు ఒళ్ళు మండింది. “ఆవిడ ఏడుస్తుంటే మీ బరువుల గోలేంటండీ?”

“ఏడుస్తూ ఎక్కినా బరువు మారదండీ. ఎక్కమ్మా.”

నలభై నాలుగు. ఎప్పుడూ బరువు గట్టిగా చదివి విభాగం చెప్పే మనిషి ఆ రోజు ఏ విభాగమూ చెప్పలేదు. “బండి ఎక్కడుంది?” అని మాత్రం అడిగారు. నిండుగా ఉన్న ఆ బండిని తనే తోసుకుంటూ పాత ఇనుము కొట్టుకి తీసుకెళ్ళి అక్కడి పెద్ద కాటా మీదికి ఎక్కించారు. రెండొందల పదహారు కిలోలు.

చెమటలు కక్కుతూ తిరిగొచ్చి, సొరుగులోంచి ఒక నోటుబుక్కు తీసి నా చేతిలో పెట్టారు. “కౌన్సిల్ మీటింగుకి కావాలి. తలా ఒక కాపీ తియ్యండి.”

తీస్తూ తీస్తూ చూశాను. నిండా నెలనెలా బరువులే. కానీ నా పేరు లేదు, సంపూర్ణమ్మ గారి పేరు లేదు. ఉన్నవి పదకొండు పేర్లు. మా వార్డులో బండి తోసే పదకొండు మందీ.

“మమ్మల్ని ఇన్నేళ్ళూ ఎక్కించారు కదండీ. మావి రాయలేదేం?”

“మీవి రాయడమెందుకండీ? మీరంతా పెరుగుతూనే ఉన్నారు.” తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు. “వాళ్ళనొక్కళ్ళనే ఎక్కమంటే సిగ్గుపడతారు. మాకు తిండికి లేదనుకుంటున్నాడు కాబోలు అనుకుంటారు. ఊరందరినీ ఎక్కిస్తే ఇక సిగ్గేముంది? నాకు పిచ్చంటారు, అంతేగా.”

నేను జిరాక్సు మిషన్ వైపు తిరిగిపోయాను.

కౌన్సిల్ మీటింగుకి నేనూ వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాను.

“అధ్యక్షా, ఒక బౌటు మీద నాకు అభ్యంతరం ఉంది.”

“బ్రహ్మం గారూ, ఇది మునిసిపాలిటీ అండీ,” అన్నారు ఛైర్‌పర్సన్ గారు.

“ఎర్ర మూలలో రెండొందల పదహారు కిలోలు. నీలం మూలలో నలభై నాలుగు. ఈ జోడీ ఎవరు కట్టారో చెప్పండి.”

హాలంతా నవ్వు. సూర్యప్రకాశం గారు లేచారు. “బండి అందరికీ ఒకటేనండీ. ఒకళ్ళకి ఎక్కువా ఒకళ్ళకి తక్కువా చెయ్యలేదు నేను.”

“చెయ్యలేదండీ. పేజీ తిప్పండి.”

తిప్పారు. కొత్త బండ్లు వచ్చిన నెల దగ్గర ఎర్ర గీత ఉంది. ఆ గీత దాటాక పదకొండు పేర్లూ కిందికే దిగాయి. సత్యకుమారి నలభై తొమ్మిది నుంచి నలభై నాలుగుకి. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

“నాకెవరూ చెప్పలేదండీ,” అన్నారు సూర్యప్రకాశం గారు, నెమ్మదిగా.

“నాకూ ఎవరూ చెప్పలేదండీ. కాటా చెప్పింది.”

ఆ పూటే తీర్మానం అయింది. ఒక్కరే తోస్తే రెండు డ్రమ్ములే. నాలుగు డ్రమ్ముల బండికి ఇద్దరు. సత్యకుమారి మీద రాసిన నాలుగు తప్పులూ కొట్టేయించినది సూర్యప్రకాశం గారే.

మర్నాడు పొద్దున్న గట్టు దగ్గర నేనూ ఉన్నాను. సత్యకుమారి రెండు డ్రమ్ముల బండి తోసుకుంటూ ఎక్కుతోంది. వీరబ్రహ్మం గారు పక్కనే, చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తున్నారు. సగం దారిలో ఆవిడ కాస్త ఆగింది. నేను చెయ్యి వెయ్యబోయాను.

“ముట్టుకోకండి!” ఒక్క అరుపు అరిచారు. “బౌటు నడుస్తుండగా బయటివాళ్ళు చెయ్యి పెడితే ఆట చెల్లదు. ఆవిడకి ఉజ్జీ కుదిరింది. ఆవిడే గెలవాలి.”

సత్యకుమారి ఊపిరి తీసుకుని మళ్ళీ తోసింది. ఏడుకి ఇంకా గంట ఉండగానే బండి లారీ దగ్గర ఆగింది. వీరబ్రహ్మం గారు గబగబా వెళ్ళి, చెత్త అంటిన ఆవిడ చెయ్యి పట్టుకుని, రింగులో రిఫరీలా పైకెత్తేశారు. లారీ డ్రైవరు చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను.

సత్యకుమారి ఆయన వంక, నా వంక చూసింది.

“వదలండి బాబూ,” అంది. “ఇంకా మూడు వీధులున్నాయి.”