గడపలో మేకులు

పాత గడప దుంగ మీద మా ఆయన పెన్సిలుతో కోత గీత గీస్తున్నారు. ఆ గీత పసుపు మరకల మీదుగా పోతుంటే, పురిటి మంచం మీద పడుకుని విన్న సుత్తి చప్పుడు నాకు గుర్తొచ్చింది.

గాలివానకు పురిటి గది కూలిపోయాక మిగిలిన మంచి కలప ఆ గడప ఒక్కటే. దాన్ని పలకలుగా కోసి పిల్లలకు చదువుకునే బల్ల చేయాలని ఆయన ముచ్చట. మైపాడు దారిలో మాకో చిన్న కోత మిషను ఉండేది. డీజిలు ఇంజను వేస్తే, రెండు పెద్ద చక్రాల మీద రంపపు పట్టీ తిరుగుతుంది. దాని దగ్గర ఆయన చాదస్తమే నాకు ధైర్యం. దుంగకు అంటిన ఇసుకంతా దులుపుతారు. ఒక పక్క చిత్రిక పట్టి, ఊగకుండా ఆనుతుందో లేదో చూస్తారు. పట్టీ బిగువు వేలితో మీటి చూస్తారు. కండువా తీసి గోడకు తగిలిస్తారు. కనబడిన మేకులన్నీ అప్పటికే పీకేశారు. కనబడనివి ఉన్నాయని ఆయనకు తెలియదు. మేకు తగిలి పట్టీ తెగితే ఎగిరేది ఆయన ముఖం మీదికే.

ఇంజను వేయొద్దని చెప్పి అత్తగారి కోసం పరుగెత్తాను.

మా ఇంట్లో బిడ్డ పుడితే, గాలీ ధూళీ సోకకుండా పురిటి గది గడపలో ఇనప మేకు దిగ్గొట్టిస్తారు. తల కూడా లోపలికి పోయేలా కొట్టించి పైన పసుపు మెత్తుతారు. మగవాళ్లను ఆ ఛాయలకు రానివ్వరు.

అత్తగారు వచ్చి దుంగ పక్కన చతికిలబడ్డారు. బొటనవేలితో తడుముతూ ఇది పెద్దదానిది, ఇది చిన్నోడిది అని చూపించారు. ఆయన ఉలితో తవ్వి రెండూ లాగేశారు.

"ఇంకేం లేవు గదమ్మా?"

"నువ్వేమన్నా ఆకాశంలోంచి ఊడిపడినావా నాయనా? నీదీ ఉండాది, ఆ చివర్న. నీకు పెద్ద మేకే కొట్టించినా. నీ ఏడుపు అట్టుండె మరి."

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ మేకు తుప్పు పట్టి, చెక్కను కరుచుకుని ఎంతకీ ఊడలేదు. బల్ల పొట్టిదవుతుందని గొణుక్కుంటూనే ఆ కొసను జానెడు మేర చేతిరంపంతో కోసి తీసేశారు. మిగిలిన దుంగంతా మరోసారి తడిమి చూసి, అప్పుడు ఇంజను వేశారు. అది ఆగేదాకా అత్తగారు ఆ కొస ముక్కను ఒళ్లోంచి దించలేదు. నేను ఆవిడ చెయ్యి వదల్లేదు.

మర్నాడు పొద్దున పిల్లలు పలకల్లోని గుంటల్లో వేళ్లు దూర్చి ఆడుతుంటే, ఏది ఎవరిదో చూపించాను.

"నాన్నది నాయనమ్మ పెట్టెలో ఉంది. మిషను తిరిగేటప్పుడు షెడ్డులో కనబడ్డారంటే, మిమ్మల్నీ ఆ పెట్టెలోనే పెట్టి తాళం వేస్తాను" అని చెప్పాను.