నూకయ్య చైను మీద నేను రాసిన రిపోర్టు

1968 ఏప్రిల్‌లో నన్ను శ్రీకాకుళం పట్నం బీటు నుంచి తప్పించి, ఎచ్చెర్ల వైపు పల్లెలకు విలేజ్ పోస్టుమేన్‌గా వేశారు. విలేజ్ పోస్టుమేన్ అంటే ఒక ఊరికి కట్టుబడి ఉండేవాడు కాదు. వారంలో ఒక్కో రోజు ఒక్కో దిక్కుకు పోయి ఉత్తరాలు, మనియార్డర్లు పంచేవాడు. ఎనిమిదో తరగతితోనే బడికి దండం పెట్టి వచ్చేసిన నాకు అది కలెక్టరు ఉద్యోగంతో సమానం. చదువులో తక్కువైనదాన్ని నోటితో పూడ్చుకునేవాణ్ణి. నేను ఆఫీసులో ఉన్నానంటే ఉత్తరాలు విడదీసే బల్ల చుట్టూ నవ్వులే. సైకిలును పూర్తిగా విప్పి మళ్లీ బిగించడం కూడా వచ్చు కాబట్టి, టైరైనా ట్యూబైనా ఎక్కడ కొనాలన్నా అందరూ నన్నే అడిగేవారు. ఆ అడగడం నాకు భలే ఇష్టంగా ఉండేది.

ఆ జూన్‌లో మా పరిధిలోని ఒక రన్నర్ లైనును సైకిల్ లైనుగా మార్చారు. రన్నర్ అంటే తపాలా సంచీ మోసేవాడు. ఎచ్చెర్ల దగ్గర రోడ్డు మీద మెయిలు బస్సు దించిన సంచీని అందుకుని, తొమ్మిది మైళ్లు నడిచి, సముద్రపు ఒడ్డున ఉన్న బ్రాంచి ఆఫీసుకు చేర్చాలి. మధ్యాహ్నం బడి వదిలే వేళకు సంచీ అక్కడ ఉండాలి. ఎందుకంటే బ్రాంచి పోస్టుమాస్టరు ఆ ఊరి పంతులుగారే. లైను సైకిల్ లైను అయిందంటే ఆ వేళ ముందుకు జరుగుతుంది, నడిచి చేరలేరు. సైకిలు సొంతదే ఉండాలి, తొక్కడం రావాలి. లేదంటే ఆ పని వేరొకరికి పోతుంది.

ఆ లైను రన్నరు నూకయ్య. చేపలు పట్టే కుటుంబం. నలభై ఆరేళ్లు. అన్నదమ్ములు పడవ మీద పోతే, ఈయన కాలినడకనే నమ్ముకుని పదిహేనేళ్లుగా సంచీ మోస్తున్నాడు. ఒక్కనాడూ ఆలస్యం లేదు. వరసకు ఏమీ కాకపోయినా నేను మావా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు. పని పోకూడదని ఆ వయసులో, ఆటుకు సముద్రం వెనక్కి తీసినప్పుడు గట్టిపడే తడి ఇసుక మీద సైకిలు నేర్చుకున్నాడు. ఎవరిదో పాత ఫ్రేము సంపాదించాడు. చైను, టైర్లు, బ్రేకు రబ్బర్లు కొత్తవి కావాలి. మా ఇన్‌స్పెక్టరుగారు నన్ను పిలిచి, "నువ్వు వెంట వెళ్లి మంచి సామాను కొనిపించు. అతనికి తెలియదు, నీకు తెలుసు" అన్నారు.

శ్రీకాకుళం బజారులో అప్పుడు నేనెరిగిన సైకిలు షాపులు రెండు. ఒకటి సందులో ఉండేది. దాని యజమాని ముసలాయన. ముఖం చూస్తే తిరిగొచ్చిన మనియార్డరులా ఉండేవాడు. సామాను బల్ల మీద పోసి, "తిప్పి సూసుకోండి. నచ్చకపోతే అక్కడే ఎట్టీండి" అనేవాడు. అంతకుమించి ఒక్క మాట వచ్చేది కాదు. ఒకసారి నేను పేల్చిన జోకుకు ఆయన నవ్వకుండా, "ఇంకేటి కావాలి?" అని అడిగాడు. ఆ రోజుతో నేను ఆ సందులోకి వెళ్లడం మానేశాను.

రెండోది బజారు మధ్యలో. ఆ యజమాని నన్ను చూడగానే కుర్చీ వేయించేవాడు, గోళీసోడా తెప్పించేవాడు, నేను నోరు తెరవకముందే నవ్వేవాడు. ఏ షాపులో సరుకు మంచిదని నన్ను అడిగినవాళ్లందరికీ నేను చెప్పిన షాపు అదే. సరుకు చూసి చెప్పలేదు, కుర్చీ చూసి చెప్పాను. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

నూకయ్యను అక్కడికే తీసుకెళ్లాను. అసలైన చైనుకు బయటి పలక ప్రతిదాని మీదా కంపెనీ ముద్ర దిగి ఉంటుంది. నకిలీదానికి నాలుగు పలకల మీద ముద్ర వేసి, మిగతావి నున్నగా వదిలేస్తారు. చుట్టిన కాగితం మాత్రం అచ్చు అసలుదే. ఈ సంగతి నాకు బాగా తెలుసు. ఆ రోజు చూడలేదు. కుర్చీలో కూర్చుని కథలు చెబుతున్నాను.

చూసినవాడు నూకయ్య. కాగితం విప్పి, చైనును రెండు చేతులా పట్టుకుని, లింకు తర్వాత లింకు బొటనవేలి కింద నుంచి పోనిస్తున్నాడు. సముద్రం మీదికి పోయేముందు ఆయన అన్నదమ్ములు వలను కన్ను కన్నూ అలాగే చేతిలోంచి పోనిస్తారు. సగం దాకా వచ్చి ఆగాడు.

"అల్లుడా, ఇక్కడేదో తేడాగున్నాది. ఒకసారి సూడు."

యజమాని నవ్వు ఆగింది. నా పరువు పోతుందనిపించింది.

"ఏటి మావా, వలకి కన్నం ఎతుకుతన్నావేటి? సైకిలు గొలుసులో సేపలు పడవు!"

షాపులో ఉన్న అయిదారుగురూ గొల్లుమన్నారు. ఆయన మాత్రం చైను వదల్లేదు. "ఎతికితే తప్పేటి? సముద్రం మీదికెల్లినోడు సూసుకోకుండా ఎల్తాడేటి?"

"ఇది సముద్రం కాదు మావా, ఎచ్చెర్ల రోడ్డు. మునిగితే మోకాలు లోతే."

మళ్లీ నవ్వులు. నూకయ్య కూడా నవ్వి, చైను కాగితంలో చుట్టేసి నా చేతికిచ్చాడు. "నీకు తెలుసు గదా" అన్నాడు.

వానలు మొదలైన మూడో వారంలో చైను తెగింది. బండిని దారిలో ఒక తోటలోని ఇంటి దగ్గర పడేసి, సంచీ నెత్తిన పెట్టుకుని పరుగు తీశాడు. గంటంపావు ఆలస్యం. పంతులుగారు రూలు ప్రకారం లేటు రిపోర్టు రాశారు. నేను తెగిన లింకు తీసేసి అతికాను. తొమ్మిది రోజులకు ఇంకోచోట తెగింది. ఆ తర్వాత వారం తిరక్కుండా మరోచోట. పదిహేనేళ్లలో ఒక్కటీ లేని మనిషికి ఒక్క నెలలో మూడు లేటు రిపోర్టులు.

ఇన్‌స్పెక్టరుగారు విచారణకు వచ్చారు. పద్ధతి ప్రకారం ఆలస్యానికి కారణం కాగితం మీద ఉండాలి. చైనును నా ముందు పెట్టి, "లోపం బండిదా, మనిషిదా? నీకు తెలిసినంత ఎవరికీ తెలియదు. నాలుగు ముక్కలు రాసివ్వు" అన్నారు.

తెగినచోట పలక నున్నగా ఉంది. దాని పక్కదీ అంతే. నకిలీ అని రాస్తే తర్వాతి ప్రశ్న, ఎక్కడ కొన్నారు, ఎవరు కొనిపించారు? అదే షాపుకు నేను అప్పటికి మరో నలుగురు పోస్టుమేన్లను తోలి ఉన్నాను. ఆఫీసు బల్ల దగ్గర ఇకమీదట నవ్వు నా మాటకు కాదు, నా మీదే. అంతే నా భయం. ఉద్యోగం పోదు, ఇంక్రిమెంటు ఆగదు. నలుగురూ నవ్వుతారు, అంతే.

నేను రాసింది ఇది: "సామాను కొత్తది, నాణ్యమైనది. నడుపువానికి అలవాటు చాలక, ఇసుకలో బలముగా తొక్కుట వలన చైను తెగుచున్నది." నా చదువుకు అంత చక్కటి వాక్యం అంతకుముందెప్పుడూ రాలేదు. ఇన్‌స్పెక్టరుగారు దస్తూరి బాగుందని మెచ్చుకున్నారు.

ఆ వారంలోనే లైను ఇరవై రెండేళ్ల మరొకరికి ఇచ్చారు. నూకయ్య సంచీ, దాన్ని మోసే పట్టీ అప్పగించి, వేలిముద్ర వేయడానికి వచ్చాడు. సిరా వేలిని గోడకు తుడుచుకుంటూ నన్ను అడిగాడు.

"నానే సరిగ్గా తొక్కనేదేమో, కదా అల్లుడా?"

నిజం చెప్పడానికి ఎవరికైనా అంతకంటే మంచి అవకాశం ఇంకోటి దొరకదు. పక్కన ఇద్దరే ఉన్నారు, వాళ్లూ వాళ్ల పనిలో ఉన్నారు.

"పడవకి పెడళ్లుండవు కదా మావా, నీ కాళ్లకేటి తెలుస్తాది!" అన్నాను.

ఆయన నవ్వాడు. "నిజమే. అయినా నువ్వు దగ్గరుండి కొనిపించావు. ఎవులు సేస్తారు ఈ రోజుల్లో?" అని చెప్పి, ఆ సైకిలునే తోసుకుంటూ వెళ్లిపోయాడు. తర్వాత దాని వెనక గంప కట్టి చేపలమ్మాడని విన్నాను. సంచీ మోసినంత కాలం ఆయనకు ఊళ్లో ఒక పేరుండేది, రన్నరు నూకయ్య అని. ఆ పేరు తీసేసింది నేను.

ఆ నలుగురు పోస్టుమేన్ల చైన్లనూ ఒక్కొక్కటిగా, ఏదో ఒక సాకు చెప్పి, సందులో ముసలాయన షాపులో మార్పించాను. సాకు మాత్రమే చెప్పాను, కారణం చెప్పలేదు. రిపోర్టు ఫైలులో అలాగే ఉండిపోయింది. నూకయ్య చనిపోయే వరకు పద్నాలుగేళ్లలో దాన్ని సరిచేయమని నేనొక్క కాగితం కూడా పెట్టలేదు.

తర్వాత నేను మెయిల్ ఓవర్సీర్‌నయ్యాను. అంటే రన్నర్లనూ, బ్రాంచి ఆఫీసులనూ తనిఖీ చేసేవాణ్ణి. సైకిలు సామాను మీద రిపోర్టు రాయాల్సి వచ్చిన ప్రతిసారీ, అది ఏ షాపులో కొన్నదో, ఎవరు కొనిపించారో మొదటి వరుసలో రాసేవాణ్ణి. అలాంటి గడి ఫారంలో లేకపోయినా రాశాను. నేను కొనిపించినదైతే రిపోర్టు రాయనని చెప్పి, వేరొకరి చేత రాయించాను. ఈ పనిలో నేను నేర్చుకున్నది అదొక్కటే, అదీ వేరొకరి ఉద్యోగం ఖర్చుతో.