ట్రాన్స్‌ఫార్మరు తెప్పించిన ఫిజిక్సు

కర్నూలులో ఒక కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. నా పరిశోధన క్వాంటం ఆప్టిక్సులో. కాంతి చిన్న చిన్న రేణువులుగా పరమాణువులోంచి ఎలా బయటపడుతుందో సమీకరణాలు రాస్తుంటాను. నాకు ప్రయోగశాల లేదు. కాగితాలు, కంప్యూటరు, టీ ఉంటే పని జరిగిపోతుంది. ఈ సంగతి మా మేనత్తకు ఎంత చెప్పినా ఆమెకు అర్థమైంది ఒక్కటే: మా పాప లైట్ల మీద చదివింది.

మేనత్తది బద్వేలు పక్కన పల్లె. నేను ప్రొఫెసరునైనందుకు ఆమె అక్కడి చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టించింది. పాస్టరుగారు నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. నేను ఉత్సాహంగా నా పని గురించే చెప్పాను. పరమాణువు ఒక కాంతి రేణువును వదిలాక వెంటనే ఇంకొకటి వదలడం దానికి కుదరదని, మళ్లీ శక్తి పుంజుకోవాలని వివరించాను.

ముందు వరుసలోని పెద్దాయన ఒకరు లేచారు.

"మా ట్రాన్స్‌ఫార్మరు గూడా అట్లే చేస్తాన్నెమ్మా. రోంతసేపు ఇచ్చి నిలబడిపోతాన్నె. ఇప్పుడు పూర్తిగా కాలిపోయి ఉండాది."

"అది వేరు పెదనాయనా," అన్నాను.

"యాడ వేరమ్మా? నువ్వు చెప్పింది అదే గదా!"

చర్చి మొత్తం తలూపింది. కరెంటు లేక బోర్లు ఆగిపోయి వాళ్ల చేన్లు ఎండుతున్నాయట. మర్నాడు పొద్దున్నే పెద్దాయనా మేనత్తా నన్ను ఆటోలో కూర్చోబెట్టుకుని బద్వేలులోని కరెంటాఫీసుకు బయలుదేరారు. నాకు ఇంట్లో ఫ్యూజు వేయడం కూడా రాదని దారి పొడుగునా మొత్తుకున్నాను.

"ఆ మాట ఆడ అనొద్దు," అంది మేనత్త.

ఆఫీసులో కుర్ర ఇంజినీరు ఒకతను ఉన్నాడు. నేను నోరు తెరిచేలోగానే మేనత్త అందుకుంది.

"ఈయమ్మ లైట్ల మీద డాక్టరు చదివినాది సారూ. బయటి దేశాలోళ్లు గూడా ఈమెనే అడుగుతారు."

అతను లేచి నాకు కుర్చీ వేశాడు.

"లోడు శానా ఎక్కువై వైండింగు కాలిపోయింది మేడమ్. మీరేమంటారు?"

ఏమనాలో నాకు తెలిస్తే కదా. నిజం చెప్పేద్దామనుకుని, "నేను సిద్ధాంతాల మనిషిని..." అని మొదలుపెట్టాను. ఇంకా, ప్రయోగాలు చేయను, యంత్రాలు తెలియవు అనబోతున్నాను.

అతని ముఖం పాలిపోయింది. "చూస్తానే తెలుస్తాంది మేడమ్. మేం గూడా రూలు ప్రకారమే పోతాండాం. ఈ వారంలోనే కొత్తది పంపిస్తాం. పైవాళ్లకు మాత్రం రాయొద్దు మేడమ్."

నాకు నవ్వూ సిగ్గూ ఒక్కసారే వచ్చాయి. బయటికొచ్చాక, నేను ఫిజిక్సు సిద్ధాంతాలంటే అతను నీతి నియమాలనుకున్నాడు, లోపలికెళ్లి చెప్పేసి వస్తానన్నాను. మేనత్త నా చేయి పట్టుకుని ఆటో ఎక్కించింది.

అన్నట్టుగానే ట్రాన్స్‌ఫార్మరు వచ్చింది. బోర్లు తిరిగాయి. ఊరు ఊరంతా కలిసి నాకు బస్తాడు బుడ్డలు పంపారు. వేరుశనక్కాయలు అలా ఇంటికొస్తాయని తెలిసి మా డిపార్ట్‌మెంటులో వాళ్లంతా క్వాంటం ఆప్టిక్సు మీద ఆసక్తి చూపించారు.

నెల తిరక్కుండానే మేనత్త ఫోను చేసింది. "పక్కూరోళ్లు నీకాడికి వస్తాండారు పాపా. వాళ్లకు రోడ్డు కావాలంట."

"రోడ్డుకూ నాకూ ఏం సంబంధం అత్తా?"

"లైట్లంత కష్టమా ఏంది రోడ్డు?"

వాళ్లతో కూడా వెళ్లాను. రోడ్ల ఆఫీసులో నాకు కుర్చీ కూడా వేయలేదు. రోడ్డు ఇంకా పడలేదు.