హాస్యం బాబాయి వంత

మొన్న మా మునిమనవరాలు నూజివీడు కాలేజీ నుంచి వచ్చి, కంచం ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఏమిటమ్మా అంటే, తను ప్రాణంగా వినే పాటల బృందంలో ఒక కుర్రాడు ఉన్నట్టుండి పోయాడట. వాళ్ళ నాన్న, అంటే నా మనవడు, ముక్కూ మొహం తెలియనివాడి కోసం ఈ ఏడుపేంటని విసుక్కున్నాడు. నాకు ఒళ్ళు మండింది. బంధువు కానివాడి కోసం ఏడవడమంటే ఏమిటో నన్నడగరా, నీకేం తెలుసని దులిపేశాను. నా ఈడువాళ్ళు ఎవరైనా మిగిలి ఉండి ఇది చదువుతుంటే, నా మాట కాదనరనే నా నమ్మకం.

స్వరాజ్యం వచ్చిన కొత్తల్లో, ముసునూరు దారిలో ఉన్న ఒక పెద్ద తోటలో నేనూ మా మేనత్తా మామిడికాయల కూలికి వెళ్ళేవాళ్ళం. మగవాళ్ళు గెడలకు కట్టిన వల చిక్కాలతో కాయ దింపితే, ఆడవాళ్ళం గంపల్లో వరిగడ్డి పరిచి చిన్నరసాలు సర్దేవాళ్ళం. పొద్దస్తమానం రసాల వాసన పీల్చినా, మంచి పండు మాత్రం నోట పెట్టడానికి వీల్లేదు. పక్షి కొట్టినదీ, పగిలినదీ మాకు, మిగతాదంతా బండ్లకు. ఆ తోట ఆసామి ఏటా కాపు చివర్లో మూడు రాత్రుల బుర్రకథ చెప్పించేవాడు, అది మా మీద ప్రేమతో కాదు, కథ జరిగిన తోట మరుసటేడు విరగకాస్తుందని వాళ్ళ తాతల నాటి నమ్మకం.

బుర్రకథ చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ, చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. నడుమ తంబుర పట్టుకుని కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలు వాయిస్తూ వంత పాడేవాళ్ళిద్దరు. ఆ ఇద్దరిలో ఒకడిది హాస్యం. మాకు వచ్చే దళంలో కథకుడు అన్న, హాస్యం చెప్పేది ఆయన సొంత తమ్ముడు. ఆ తమ్ముణ్ణి మేమంతా హాస్యం బాబాయి అనేవాళ్ళం. బక్కపలచని మనిషి, చెవులు పెద్దవి, పెదవి కదపకముందే జనం నవ్వడం మొదలెట్టేవాళ్ళు. రాజుగారు ప్రజలను కన్నబిడ్డల్లా చూసుకునేవాడని అన్నగారు రాగం తీస్తే, బాబాయి అమాయకంగా, “అవునన్నా, ఎంత ప్రేమంటే, మాకెక్కడ అరగదోనని కండంతా తనే తిని టెంక మాకిచ్చేవాడు” అనేవాడు. ఎదురుగా కుర్చీలో ఆసామి కూర్చుని ఉండేవాడు. మేము ఆయన మొహం చూడకుండా, కడుపులు పట్టుకుని నవ్వేవాళ్ళం. ఏడాది పొడుగునా మేము అనలేని మాట ఆ ఒక్కడూ మా బదులు అనేవాడు, అందుకే ఆయనంటే మాకంత ఇది.

ఆ ఏడు రెండు రాత్రులు కథ జరిగింది. మూడో రోజు మిట్టమధ్యాహ్నం బాబాయి ఊళ్ళో నుంచి తోటకు నడిచి వస్తూ వడదెబ్బకు దారిలోనే కూలిపోయాడు. మేము నీళ్ళు పట్టుకుని పరిగెత్తేసరికే అంతా అయిపోయింది. గంపల దగ్గర ఆడవాళ్ళం గడ్డిలో పడి ఏడ్చాం. మా మేనత్త, సొంత మొగుడు పోయినప్పుడు కూడా పెదవి బిగించి నిలబడిన మనిషి, ఆ వేళ రొమ్ము బాదుకుంది. ఆసామి మాత్రం పెద్దలను ఎగతాళి చేసిన నోరు, ఊరికే పోతుందా అన్నాడట.

ఆ వారంలోనే గాలివాన వచ్చి, ఇంకా కోయవలసిన కాయలో సగం నేలపాలైంది. ఇక ఆసామికి గుండెల్లో రాయి పడింది. మొదలుపెట్టిన కథకు మంగళం పాడకుండా వదిలేస్తే అరిష్టమని మా వైపు పట్టింపు. పెద్దకర్మ అయీ అవగానే అన్నగారిని పిలిపించి, మిగిలిన కథ పూర్తి చెయ్యమన్నాడు, అయితే హాస్యానికి విస్సన్నపేట నుంచి తను పిలిపించే మనిషే ఉండాలనీ, మర్యాదైన మాటలే చెప్పాలనీ షరతు పెట్టాడు. కాదంటే ఈ చుట్టుపక్కల ఏ తోటలోనూ మీ గుమ్మెట మోగదన్నాడు. అన్నగారు మా పాక దగ్గర కూలబడి, “తమ్ముడి చోట ఇంకొకణ్ణి ఎట్టా నిలబెట్టుకోనమ్మా, నిలబెట్టకపోతే పిల్లలకేం పెట్టను” అని మా మేనత్తతో గోడు వెళ్ళబోసుకున్నాడు. ఆవిడ చీరకంటిన గడ్డి దులుపుకుని, “నువ్వు కథ చెప్పన్నా, మిగతాది మేం చూసుకుంటాం” అంది. ఏం చూసుకుంటుందో నాకూ చెప్పలేదు.

కథ రోజు సాయంత్రం కూలి జనమంతా వచ్చారు. కొత్త మనిషి తలపాగా చుట్టుకుని బాబాయి చోట నిలబడ్డాడు. అన్నగారు తంబుర మీటి కథ అందుకున్నాడు. రాజుగారు ప్రజలను కన్నబిడ్డల్లా చూసుకునేవాడన్న చోటికి వచ్చి ఆగాడు. కొత్త మనిషి నోరు తెరిచేలోపల, జనం మధ్యలో నుంచి మా మేనత్త లేచి, “అవునన్నా, ఎంత ప్రేమంటే” అంది. మిగతా మాట మాకెవరూ నేర్పలేదు. మూడు వందల గొంతులో, నాలుగు వందల గొంతులో నాకు తెలియదు, కండంతా తనే తిని టెంక మాకిచ్చేవాడని తోటంతా ఒక్కసారిగా అంది. నేనూ అన్నాను, గొంతు చించుకుని, ఆ వేళ మొదటిసారిగా ఆసామి మొహంలోకి చూస్తూ అన్నాను.

ఆయన లేచాడు. లేచి, ఆపమనడానికి చెయ్యి ఎత్తి, అట్లాగే నిలబడిపోయాడు. ఆపితే మళ్ళీ మంగళం లేదు, మంగళం లేకపోతే కాపు లేదు. కక్కలేక మింగలేక కుర్చీలో కూర్చున్నాడు. అక్కడి నుంచి బాబాయి వంతంతా మాదే, ప్రతి ఎత్తిపొడుపూ మాదే. కొత్త మనిషి రెండు మూడు మాటలు విని, గుమ్మెట నేలమీద పెట్టి, దానికి దండం పెట్టి, వచ్చి మా పక్కన కూర్చుని తనూ తందాన అన్నాడు. అతని మీద నాకున్న కోపం అంతటితో పోయింది. అన్నగారు ఏడుస్తూనే మంగళం పాడాడు, మేము ఏడుస్తూనే నవ్వాం.

ఆ ఒక్క మాట అన్నామని మాకేమీ భాగ్యాలు ఒరగలేదు. మరునాడు మా మేనత్తను కూలికి రావద్దన్నారు. ఆవిడ లేకుండా మేమెవరమూ వెళ్ళలేదు, గాలివానకు మిగిలిన కాయలు చెట్లమీదే పండిపోతుంటే మళ్ళీ వాళ్ళే కబురు పెట్టారు. అన్నగారి కథ మాత్రం ఆగలేదు, ఏ తోటకు వెళ్ళినా బాబాయి చోటు ఖాళీగా వదిలి, ఆ వంత జనానికే అప్పగించేవాడు.

ఇప్పుడా తోటలో సగం ఇళ్ళ స్థలాలైపోయింది. ఆ రోజు నాతో గొంతు కలిపినవాళ్ళలో ఒక్కరూ లేరు. మా పిల్ల ఎవరి కోసం ఏడుస్తోందో ఆ కుర్రాడి గొంతు ఫోనులో భద్రంగా ఉంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు పాడతాడు, అది అదృష్టమే. బాబాయి గొంతు మేమెక్కడ దాచుకోగలం, మా నోళ్ళు తప్ప?

ఇదంతా విని పిల్ల ఫోను నా ముందు పెట్టి, ఆ మాట చెప్పు తాతమ్మా, రికార్డు చేస్తానంది. ఉత్తినే చెప్పను, ఎదుట కథ చెప్పేవాళ్ళుండాలి, ముందు నువ్వు రాజుగారి మాట అనమన్నాను. సిగ్గుపడుతూ అంది. నేను వంత అందుకునేలోపల, గుమ్మంలో నిలబడి ఇదంతా వింటున్న నా మనవడు, ఆ విసుక్కున్నవాడే, “అవునన్నా, ఎంత ప్రేమంటే” అన్నాడు.