తప్పు పట్టేవాళ్లు కావలెను

ఆ రోజుల్లో మా ములకలపల్లి వైపు ఎవరైనా తను చేసిన పని చూపించి "ఎట్లున్నది?" అని అడిగితే దానికి ఒకే ఒక్క జవాబు ఉండేది: "మంచిగున్నది." కూరలో ఉప్పు ఎక్కువైనా, కుట్టిన జాకెట్టు చంకలో పట్టేసినా, కొత్త ఇంటి గుమ్మం తలకు తగిలి బొప్పి కట్టినా ఆ జవాబు మారేది కాదు. (బొప్పి తడుముకుంటూ చెప్పేవాళ్లం, అంతే తేడా.) అడిగేవాడికీ ఒక పద్ధతి ఉండేది. ముందు తనను తాను నాలుగు మాటలు తక్కువ చేసుకోవాలి, "ఏదో చేసిన, అంత మంచిగ రాలె" అనాలి. అవతలివాళ్లు "ఛ, గట్లంటవేంది" అనాలి. ఈ తంతు ముగిశాక ఇద్దరూ హాయిగా చాయ్ తాగొచ్చు. లోకమంతా ఇలాగే నడుస్తుందని మీసాలు వచ్చాక కూడా నమ్మినవాణ్ణి నేను. ఆ నమ్మకం కొత్తగూడెం బస్టాండు పక్కన ఒక నెట్ సెంటర్‌లో, కిర్రుకిర్రుమనే కుర్చీలో కూర్చుని ఉండగా వదిలింది.

అప్పటికి నేను దుకాణాలకు బోర్డులు రాసేవాణ్ణి. ఎరువుల కొట్టు మీద వరికంకి, చెప్పుల షాపు మీద చెప్పు, మెడికల్ షాపు మీద ఎర్ర ప్లస్సు గుర్తు. ఇవి తప్ప నా కుంచెకు వేరే లోకం తెలీదు. మనిషి ముఖం జోలికి ఎన్నడూ పోలేదు. ఈ సంగతి తెలిసి కూడా మా పెద్దమ్మ ఒక ఆదివారం చర్చిలో లేచి నిలబడి, చనిపోయిన పాస్టరమ్మ బొమ్మ మా పిలగాడు వేస్తాడని అందరి ముందూ ప్రకటించింది. నేను వెనక బెంచీలో కూర్చుని ఉన్నాను. అక్కడినుంచి పారిపోవడానికి కిటికీ కూడా దగ్గర్లో లేదు.

పాస్టరమ్మ ఆ వానాకాలంలోనే పోయింది. మా పిల్లలందరికీ ఆదివారం బడి చెప్పింది ఆమే. నేను పాఠం వినకుండా పలక మీద మేకల బొమ్మలు గీస్తుంటే చూసీ చూడనట్టు వదిలేసిన మహాతల్లి. ఆమెకు పై వరసలో ఒక పన్ను ఇంకో పన్ను మీదికి ఎక్కి ఉండేది. అందుకని నవ్వు వచ్చినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఫొటో తీయించుకోమంటే పరుగే. ఎవరిదో పెళ్లిలో, కొంగు అందుకునేలోపు ఎవడో టక్కున నొక్కిన ఫొటో ఒక్కటే దొరికింది. ఇక ఆమె భర్త, మా పాస్టరు అయ్యగారి సంగతి. పంట చేతికొచ్చాక చర్చిలో చేసే కోత పండుగ నాడు బొమ్మ పెడతామన్నామో లేదో, ఆయన చర్చి గోడకు ముందే మేకు కొట్టించి, ప్రార్థన అయ్యాక రోజూ ఆ ఖాళీ మేకు వంక చూస్తూ కూర్చుంటున్నారట. ఆ మాట విన్నప్పటినుంచి నాకు అన్నం సహించలేదు. రేపు ఆ మేకుకు ఎవరో పరాయి మనిషి బొమ్మ వేలాడితే ఆ ముసలాయన ముఖం ఎట్లా ఉంటుందో అనుకుని, తీసిన కుంచె తీసినట్టే కింద పెట్టేసేవాణ్ణి.

ఎట్లాగో వేశాను. ఆ వంకర పన్నును కూడా, గౌరవం కొద్దీ, సరిచేసి చక్కగా వరసలో కూర్చోబెట్టాను. (పెళ్లిచూపుల ఫొటోల్లో పుట్టుమచ్చలు తుడిచేసే స్టూడియోల కాలం అది. పెద్దమనిషికి వంకర పన్ను పెడతామా.) మా అమ్మ చూసి మంచిగున్నదంది. సంఘపెద్ద చూసి బహు మంచిగున్నదన్నాడు. పాస్టరమ్మతో ఏళ్ల తరబడి అక్కచెల్లెళ్లలా మెలిగిన మా పెద్దమ్మ వచ్చి, కళ్లజోడు సవరించుకుని, అటునుంచీ ఇటునుంచీ చూసి, "మంచిగున్నది బిడ్డా" అంది. వెళ్లబోతూ గడప దగ్గర ఆగి మెల్లగా అడిగింది. "ఇంతకీ ఎవరీమె?"

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఎక్కడో తప్పుంది. ఎక్కడుందో నాకు తెలీదు, తెలిసినవాళ్లు చెప్పరు. అప్పుడు దిక్కు నెట్ సెంటర్ నడిపే భాయే అనుకున్నాను. ఆయన నాకంటే కాస్త పెద్ద, ఇంగ్లీషు మీడియంలో డిగ్రీ చదివినవాడు. వాళ్ల నాన్నది అత్తరు దుకాణం. ఆ బోర్డు రాసినప్పటినుంచి నన్ను తమ్ముడూ అని పిలిచేవాడు. ప్రపంచంలో బొమ్మలేసే వాళ్లంతా చేరి ఒకరి బొమ్మకొకరు సలహాలు చెప్పుకునే సైటు ఒకటుందని ఆయనే చూపించాడు. తన డిజిటల్ కెమెరాతో నా బొమ్మను ఫొటో తీసి ఎక్కించాడు కూడా. కింద రాయాల్సిన విన్నపం నేను తెలుగులో చెప్పాను, ఆయన ఇంగ్లీషులోకి దించాడు. పెద్దలందరికీ నమస్కారాలు, నాకు బొమ్మలేయడం చేతకాదు, ఏదో పిచ్చిగీతలు గీశాను, దోషాలుంటే మన్నించాలి, నేను మీ కాళ్ల కింది దుమ్మును. ఆ చివరి ముక్కను భాయ్ ఏమాత్రం తగ్గించకుండా, దుమ్ముతో సహా దించాడు.

మర్నాడు వచ్చి చూస్తే ఎన్ని జవాబులో. వాళ్ల పేర్లు మాకు నోరు తిరగవు గనక పేరు పక్కన ఎవరు ఏ జంతువు బొమ్మ పెట్టుకుంటే వాళ్లను ఆ పేరుతోనే పిలుచుకున్నాం. కుందేలు నన్ను ధైర్యంగా ఉండమంది. గుడ్లగూబ నువ్వు దుమ్మువి కావు, నీలాంటివాళ్లం చాలామందిమి ఉన్నామంది. ఎవరో వేళకు తింటున్నావా అని అడిగారు. (మా అమ్మ తర్వాత ఆ మాట అడిగింది వాళ్లే.) ఇంకెవరో నా మనసు కుదుటపడుతుందని కుక్కపిల్ల ఫొటో పంపారు. బొమ్మ గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఇంకాస్త వినయం కావాలేమోనని రెండోసారి ఇంకా తక్కువ చేసుకుని రాయించాను. ఇంకా రెండు కుక్కపిల్లలు వచ్చాయి. ఆఖరికి ఆ సైటు పెద్ద ఎవరో మర్యాదగానే మందలించాడు. ఇక్కడ తనను తాను తిట్టుకోకూడదట. అట్లా చేస్తే మెచ్చుకోమని చెయ్యి చాచినట్టట. నాకు ఒళ్లు మండింది. మెచ్చుకోళ్లు మా ఊళ్లో గంపలకొద్దీ ఉన్నాయి, వాటికోసమే అయితే ఇంత దూరం బస్సులో నిలబడి రావాలా?

కోత పండుగ దగ్గరికొచ్చేసింది. భాయ్ చాలాసేపు గడ్డం గోక్కుని, "తమ్ముడూ, ఒంగితే ఓదారుస్తున్రు. జర రొమ్ము విరిచి చూడు. జల్దీ తేలుతది" అన్నాడు. ఆ పూట మేమిద్దరం కలిసి రాసింది తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. నేను ఖమ్మం జిల్లా మొత్తానికి మొనగాడైన చిత్రకారుణ్ణి, పక్కనే అసలు ఫొటో కూడా పెడుతున్నాను, దమ్ముంటే పోల్చి చూసుకోండి, ఈ బొమ్మలో తప్పు పట్టగలవాడు ఇంకా తల్లి కడుపున పడలేదు. నొక్కేసి, భయానికి ఇద్దరం బయటికొచ్చి మిర్చి బజ్జీలు తిన్నాం.

ఆ సాయంత్రం మళ్లీ వచ్చి తెరిస్తే పేజీ అడుగు కనిపించలేదు. భాయ్ చదువుతూ చదువుతూ ముఖం ముడుచుకున్నాడు. ఏమంటున్నారని అడిగితే గొంతు సవరించుకుని, తెర వంక చూడకుండా, "అందరు మంచిగున్నదంటున్రు రా" అన్నాడు. పాపం, ఆయన మాత్రం ఏ ఊళ్లో పుట్టాడు? కానీ తెర మీద గుడ్లగూబ నా బొమ్మను మళ్లీ పెట్టి, దాని నిండా ఎర్ర గీతలు కొట్టి ఉంది. దానికి ఇంగ్లీషు అక్కర్లేదు. భాయ్ చెయ్యి పట్టుకున్నాను. "భాయ్, నీకు దండం పెడత. అయ్యగారికి ఆమె మళ్లొకసారి కనవడాలె. ఉన్నదున్నట్టు చదువు."

చదివాడు. అబ్బ, ఏం తిట్లు. కళ్లు తలకాయకు సగంలో ఉండాలట, నేను నుదుట పెట్టానట. పుర్రె పైభాగం ఎవరికైనా అరువిచ్చావా అన్నారట. ఒక్కో పన్ను చుట్టూ నల్లగీత గీయడం వల్ల నోట్లో మొక్కజొన్న కంకి పెట్టుకున్నట్టుందట. మొన్న తిన్నావా అని అడిగినవాళ్లే ఇవాళ పీకి పందిరేశారు. భాయ్‌కి పౌరుషం వచ్చి తిరిగి తిట్టి రాస్తానన్నాడు. నాకేమో గుండెల మీంచి బండ దించినట్టుంది. ఒకరు కాదు, ఇద్దరు కాదు, ముక్కూ ముఖం తెలియని ఇంతమంది పనులు మానుకుని నా తప్పులు వెతికిపెట్టారు! అందరికంటే కింద ఒక పిల్లి రాసింది మాత్రం భాయ్ రెండుసార్లు చదివాడు. "ఫొటోల ఆమె నవ్వుతున్నది. నీ బొమ్మల పండ్లు చూపిస్తున్నది. ఆ పన్ను ఎందుకు తీసేసినవ్, అని అడుగుతున్నది తమ్ముడూ."

ఇంటికి పోయి కళ్లు కిందికి దించాను, నుదురు ఆమెది ఆమెకు ఇచ్చాను, పళ్ల గీతలు తుడిచాను. పన్ను మీద పన్ను మళ్లీ ఎక్కించేటప్పుడు మాత్రం రెండుసార్లు కుంచె వెనక్కి తీసుకున్నాను, చచ్చిపోయిన మనిషి పరువు తీస్తున్నానేమోనని. ఎక్కించాక ఒకడుగు వెనక్కి జరిగి చూశాను. పలక మీద మేకలు గీసుకుంటున్నవాణ్ణి చూసీ చూడనట్టు నవ్వే మనిషి అక్కడుంది. కళ్లనీళ్లు ఆగలేదు. అది కూడా భాయ్ చేత ఎక్కించి, మీ మేలు మరువనని రాయించాను. నిన్నటి మొనగాడికి ఈ వినయమేంటో వాళ్లకు అర్థమై ఉండదు. పిల్లి ఒకే మాట రాసింది, బాగుందని. ఆ మాట నేను నమ్మలేదు. వాళ్లు ఊరికే అనరని భాయ్ ఒట్టేసి చెప్పాల్సి వచ్చింది.

కోత పండుగ నాడు చర్చి నిండా వరికంకులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. అయ్యగారు బొమ్మ మీది బట్ట తీసి దగ్గరికి జరిగారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. కోళ్లు తప్ప ఎవరూ కిక్కురుమనలేదు. నేను మాత్రం లోపల ప్రభువుకు మొక్కుతున్నాను, ఈయన నోటివెంట మంచిగున్నది అనే మాట రానివ్వకు తండ్రీ అని. ఆయన ఆ పన్ను మీద వేలు ఆనించి, నా వైపు తిరిగారు. ముఖమంతా నవ్వు.

"కొంగు అడ్డం పెట్టుకోకముందే దొరకవట్టినవ్ బిడ్డా" అన్నారు.

ఆ సైటు ఎప్పుడో మూతపడింది. పిల్లి ఏ దేశమో, ఆడో మగో నాకు తెలియనే లేదు. ఇప్పుడు ఖమ్మంలో పిల్లలకు డ్రాయింగ్ చెబుతున్నాను. నేనేది గీసి ఫోనులో పెట్టినా క్షణంలో బొటనవేళ్లు, చప్పట్లు, సూపర్ సార్‌లు వచ్చి పడతాయి. ఒక్కొక్కసారి, తప్పు పట్టగలవాడు ఇంకా పుట్టలేదని రాయించిన ఆ బక్క కుర్రాడు గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. వాడికున్న ధైర్యం నాకిప్పుడు లేదు. మొన్న తీరిగ్గా కూర్చుని పెన్సిలుతో మా ఆవిడ బొమ్మ వేశాను. కళ్లు సగంలోనే పెట్టాను, పళ్ల చుట్టూ గీతలు లేవు. ఏదో గీసిన, అంత మంచిగ రాలేదని పద్ధతి ప్రకారమే చూపించాను. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, అటునుంచీ ఇటునుంచీ చూసి, మంచిగున్నదంది. తిరిగి వంటింట్లోకి వెళ్లబోతూ గడప దగ్గర ఆగింది.

"ఇంతకీ ఎవరీమె?"

నేను రబ్బరు కోసం వెతుక్కున్నాను.