కొలువా, కూలా?

శామీర్‌పేట వైపున్న ఒక జిల్లా ఆఫీసులో నేను సీనియర్ స్టెనోగ్రాఫరుగా చేరింది ఒక జూన్ నెల మొదటి సోమవారం. అప్పటికి రిటైర్మెంటు ఇంకా పద్నాలుగు నెలలుంది. ఆ పద్నాలుగు నెలల్లో నేను చేసిన ఘనకార్యం ఒకటి ఉంది. ఒక ఫ్యాక్టరీ యాజమాన్యం, ఒక లేబర్ కాంట్రాక్టరు, రెండు పార్టీల నాయకులు, మా పెద్దసారు, ఇంతమంది ఒకవైపు నిలబడి ఒక్క మాట మార్చి రాయమన్నారు. నిమిషానికి నూట యాభై మాటలు రాసే ఈ చేత్తో పెన్సిలు బల్లమీద పెట్టి, "విన్నదే రాస్తాను, రాసిందే చదువుతాను" అని వాళ్ళ ముఖం మీదే చెప్పాను.

మా తూంకుంట కాలనీలో ఉదయపు నడకకు వచ్చే రిటైర్డు మిత్రులకు ఈ కథ ఇలాగే చెప్పాను. ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. కాగితం మీద పెట్టమనేసరికి చెయ్యి కాస్త ఆగుతోంది. నూట యాభై అబద్ధం. నా సర్టిఫికెట్టు మీద ఉన్నది ఎనభై. మిగతాదానిలో ఎంత నిజమో చెబుతూ పోతాను.

పెద్ద ఫ్యాక్టరీ ఏదైనా పెట్టాలంటే ముందు ఆ ఊళ్ళో ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. జిల్లా అధికారి ఒకరు అధ్యక్షత వహిస్తారు. కంపెనీ ప్రతినిధి తమ ప్రాజెక్టు గురించి చెబుతాడు, ఊరివాళ్ళు ప్రశ్నలడుగుతారు, అతను జవాబిస్తాడు. స్టెనో అదంతా షార్ట్‌హ్యాండులో రాసుకుని, కాసేపట్లోనే మామూలు తెలుగులోకి తిరగరాసి, ఆ జనం ముందే చదివి వినిపించాలి. అభ్యంతరం లేదంటే అధికారి అదే రోజు సంతకం పెడతారు. దీన్నే మినిట్స్ అంటాం. సంతకం పడ్డాక అందులో ఉన్నది జరిగినట్టు, లేనిది జరగనట్టు. ఎవరు ఎంత అరిచినా, ఎంత ఏడ్చినా అంతే.

లాల్‌గడి మలక్‌పేట్ దాటాక ఒక ఊరు. పేరు రాయను. అక్కడ రంగులు తయారుచేసే ఫ్యాక్టరీ రాబోతోంది. బడి ఆవరణలో షామియానా వేశారు. పదకొండు గంటలకే గుడ్డ కింద ఉక్క, పైన ఎండ. అధ్యక్షత మా పెద్దసారుది. నాకు వేదిక కింద ఒక చిన్న బల్ల వేశారు. అంటే జనానికీ అధికారులకూ నడుమ. ఏది విసిరినా ముందు నాకే తగులుతుందని కూర్చోగానే అర్థమైంది.

మొదట నాయకులు మాట్లాడారు. ఒక పార్టీ ఆయన మైకు అందుకుని, "ఒకప్పుడు గీ దిక్కు సర్కారు కంపెనీలు ఉండె. మా నాయిన అండ్లనే నౌకరి జేసి రిటైరైండు. ఇప్పుడు సర్కారే దుకాణం బంద్ వెట్టి ప్రైవేటోనికి జాగలిస్తాంది. ఇగ గవర్నమెంటు ఉండి ఏం పని?" అన్నాడు. రెండో పార్టీ ఆయన ఊరుకోలేదు. "సర్కారు ఫ్యాక్టరీ నడుపుడంటే నష్టాలల్ల నడుపుడే. కంపెనీ వస్తె పన్ను వస్తది, పన్ను వస్తె రోడ్డు వస్తది. మన పోరగాళ్ళు రోజూ బస్సులకు యాలాడుకుంట పోవుడు తప్పుతది" అన్నాడు. నడుమ ఊరి కిరాణా కొట్టు రాజన్న లేచి, "కంపెనీకి ఏండ్లకేండ్లు పన్ను మాఫీ అంట. నేనమ్మే సబ్బుబిళ్ళకు లేదు, అగ్గిపెట్టెకు లేదు. నేనేం పాపం జేసిన?" అని అడిగాడు. వెనక నుంచి ఎవరో, "నువ్వు గూడ ఫ్యాక్టరీ వెట్టు రాజన్నా, నీకు గూడ మాఫీ జేస్తరు" అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అలాంటి వాదనల్లో ప్రతివాడూ మర్నాడు "నేనట్ల అన్లేదు" అంటాడు. అప్పుడు అందరూ చూసేది స్టెనో వైపు. నాకు తెలిసిన ఒకాయన ఒక్క మాట తప్పు రాసి ఛార్జి మెమో తీసుకున్నాడు. రిటైరయ్యాక కూడా పింఛను కోసం చెప్పులరిగేలా చాలాకాలం తిరిగాడు. ఆ పద్నాలుగు నెలలూ నా కళ్ళముందు ఆయన చెప్పులే తిరుగుతుండేవి.

ఒంటిగంట వేళకు చాంద్‌బీ లేచింది. ఫ్యాక్టరీకి వేసే రోడ్డు ఆమె ఆకుకూరల మడి మీదుగా పోతుంది. ముప్పావు ఎకరం. అది తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. భర్త లేడు. నస్రీన్ అనే ఒక్క కూతురు, ఐటీఐ పాసై ఉద్యోగం కోసం రోజూ బస్సెక్కి తిరుగుతోంది. భూమి పోయే ఇళ్ళకు "ఇంటికొకరికి ఉపాధి" అని కంపెనీ కరపత్రం పంచింది. ఆ కరపత్రం చేతిలో పట్టుకుని చాంద్‌బీ మైకు దగ్గరికి వచ్చింది.

"సారూ, మీ కాయితంల ఉపాధి అని ఉన్నది. గడ్డపారా తట్టా గూడ ఉపాధే. నాకు గది వద్దు. మా నస్రీన్‌కు మీరిచ్చేది కొలువా, కూలా? గదొక్కటి జెప్పుండ్రి, నేను కూసుంట."

మా కృష్ణా జిల్లాలో కొలువంటే ముందు గుర్తొచ్చేది పండక్కి ఇంట్లో బొమ్మలు పేర్చడం. ఇక్కడ కొలువంటే చేతిలో ఆర్డరు కాగితం ఉన్న ఉద్యోగం. రేపటినుంచి రావద్దని ఎవరూ అంత తేలిగ్గా అనలేనిది. కూలి అంటే రోజుపని. అది కూడా లేబర్ కాంట్రాక్టరు మల్లేశం జీపులో ఎక్కించుకుంటేనే. చుట్టుపక్కల ఫ్యాక్టరీలన్నిటికీ మనుషుల్ని పంపేది అతనే. కొలువు అన్న మాట మినిట్స్‌లో పడితే అతనికి ఆ ఊరి మీద పట్టు పోతుంది. పడకపోతే చాంద్‌బీకి మడీ పోతుంది, కూతురి ఉద్యోగమూ పోతుంది. ఆ రోజు వేదిక మీద ఎన్ని ఉపన్యాసాలైనా, అసలు సంగతి అదొక్కటే.

కంపెనీ మేనేజరు మా కృష్ణా జిల్లా మనిషే. ఉద్యోగరీత్యా వచ్చి ఏడాది కూడా కాలేదు. అతను చెమట తుడుచుకుంటూ, "కొలువేనమ్మా, కొలువే. ఇంటికొకరికి" అన్నాడు.

ఆ మాట పూర్తవుతూనే వెనక వరసల్లో మల్లేశం మనుషులు లేచారు. "గట్లెట్ల ఇస్తరు? ఎవలనడిగి ఇస్తరు?" అని కేకలు. ఒక ప్లాస్టిక్ కుర్చీ గాల్లో లేచి నా బల్ల అంచుకు తగిలి కిందపడింది. నా పెన్సిలు జారింది.

షార్ట్‌హ్యాండులో తొందరగా రాసేటప్పుడు అచ్చులు వదిలేస్తాం, హల్లులకు మాత్రమే గీతలుంటాయి. 'క'కు ఒక గీత, 'ల'కు ఒక వంపు. అంతటితో ఆగితే కూలి. చివర 'వ'కు ఇంకొక చిన్న వంపు పెడితే కొలువు. నా నోటుబుక్కులో 'క' ఉంది, 'ల' ఉంది, ఆ తర్వాత పేజీ అంచుదాకా పాకిన ఒక వంకర గీత ఉంది. అది 'వ' కావచ్చు. కుర్చీ దెబ్బకు జారిన పెన్సిలూ కావచ్చు.

పోలీసులు నలుగురిని బయటికి పంపాక, తిరగరాయడానికి నాకు గంట సమయమిచ్చారు. మూడో తరగతి గదిలో కూర్చున్నాను. పిల్లల బెంచీ, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. సగం రాశానో లేదో, మల్లేశం లోపలికి వచ్చాడు. తెల్లచొక్కా, నెమ్మదైన గొంతు. చేతిలో చాయ్ గ్లాసు.

"తాగుండ్రి సార్. మస్తు కష్టమైతాంది మీకు."

తీసుకున్నాను.

"తూంకుంటల మీ ఇల్లు గా పార్కు ఎన్కకే గదా? నీలం గేటు. మేడం పొద్దుగాల్ల పాల పాకిటుకు ఒక్కతే వస్తది. సూస్తుంట నేను, అటుకెల్లి పోయేటప్పుడు."

అతను బెంచీ మీది కాగితాన్ని వేలితో సరిచేశాడు.

"తప్పు రాయమంటలేను సార్. కంపెనీ కాయితంల ఎట్లుందో గట్లనే రాయిండ్రి. ఉపాధి. మంచి మాట. ఎవలకు పరేషాన్ ఉండది."

నా భుజం మీద రెండుసార్లు తట్టి వెళ్ళిపోయాడు. మార్చమని అడిగింది అతనొక్కడే. నాయకులకు ఆ మాట పట్టనే లేదు. వాళ్ళు అప్పటికే కార్లలో ఉన్నారు. మా పెద్దసారు కూడా ఏమీ అడగలేదు. గుమ్మంలోంచి తొంగిచూసి "ఇంకెంతసేపు ప్రసాద్ గారూ?" అన్నారు, అంతే. ఆయన పేరు నా ఘనకార్యంలోకి లాగినందుకు చెంపలేసుకుంటున్నాను.

పెన్సిలు బల్లమీద పెట్టిన మాట మాత్రం నిజం. వేళ్ళు వణికి పట్టుకోలేక పెట్టాను. మళ్ళీ తీసుకుని "ఇంటికొకరికి ఉపాధి కల్పిస్తామని ప్రతినిధి తెలిపారు" అని రాశాను. కొలువు అని రాస్తే నీలం గేటు. కూలి అని రాస్తే బయట జనం. ఉపాధి అంటే ఎవరికీ కోపం రాదనుకున్నాను.

మూడున్నరకు చదవడం మొదలుపెట్టాను. షామియానాలో సగం కుర్చీలు ఖాళీ. మల్లేశం మొదటి వరసలో కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు. నా గొంతు నాకే సన్నగా వినిపించింది. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి తొందరగా చదివి తర్వాతి పేరాలోకి దూకాను.

"ఆగుండ్రి సార్."

చాంద్‌బీ నిలబడి ఉంది. "గది మల్ల సదువుండ్రి."

చదివాను.

"ఉపాధి ఎక్కడికెల్లి వచ్చింది? నేనడిగింది కొలువా, కూలా అని. ఆ సారు కొలువే అన్నడు. ఉపాధి అని గా మైకుల ఎవ్వలన్లేదు."

మల్లేశం తల తిప్పి ఆమెను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. పెద్దసారు ముందుకు వంగి, "మీ నోటుబుక్కులో ఏముంది?" అని అడిగారు.

"గీత స్పష్టంగా లేదు సర్" అన్నాను.

ఆయన మేనేజరు వైపు తిరిగారు. "మీరేమన్నారు?"

అతను నన్ను చూశాడు, ఆమెను చూశాడు, గేటు దగ్గర పోలీసుల్ని చూశాడు. ఎటు చూసినా అతనికి భయమే ఉన్నట్టుంది. "కొలువనే అన్నానండీ" అన్నాడు, మైకు లేకుండా.

"సవరించండి" అన్నారు పెద్దసారు. ఉపాధి కొట్టేసి పైన కొలువు అని రాసి, పక్కన పొట్టి సంతకం చేశాను. ఆ మూడు అక్షరాలు ఇప్పటికీ ఆ ఫైలులో వంకరగానే ఉంటాయి.

ఇంకొకటి చెప్పాలి. గీత స్పష్టంగా లేదన్నది నిజమే. కాని నా చెవులు స్పష్టంగానే ఉన్నాయి. నేను కూర్చున్నది మైకుకు మూడడుగుల దూరంలో. కొలువే అని అతను రెండుసార్లు అన్నాడు, రెండుసార్లూ విన్నాను. ఆ గీతను అడ్డం పెట్టుకున్నాను.

ఆ తర్వాత రెండు నెలలు పాల పాకెట్టుకు నేనే వెళ్ళాను. ఎందుకని మా ఆవిడ అడిగితే డాక్టరు నడవమన్నాడని చెప్పాను. జీపు చప్పుడు వినిపిస్తే గేటు లోపలే ఆగిపోయేవాణ్ణి. ఏమీ జరగలేదు. మల్లేశం ఒకసారి ఆఫీసు మెట్లమీద ఎదురై, "నమస్తే సార్, ఆరోగ్యం మంచిగున్నదా?" అని అడిగాడు. ఆ రోజు మధ్యాహ్నం నేను అన్నం తినలేదు.

ఫ్యాక్టరీ వచ్చింది. చాంద్‌బీ అర్జీ పెట్టి ఆ మినిట్స్ పేజీకి నకలు తీసుకుంది. అది పట్టుకుని కంపెనీ చుట్టూ ఏడాదికి పైగా తిరిగింది. నస్రీన్‌కు ఆర్డరు కాగితం చేతికొచ్చింది. భూమి పోయిన మిగతా ఇళ్ళలో కొందరికి వచ్చింది. కొందరు ఇంకా మల్లేశం జీపే ఎక్కుతున్నారు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. భయపడ్డ స్టెనో అబద్ధం రాయడు, అబద్ధానికీ ధైర్యం కావాలి. ఎటూ అర్థం రాని మాట రాస్తాడు. మినిట్స్ చదివేటప్పుడు అందరికీ నచ్చే మాట ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగి, సభలో దాన్ని ఎవరన్నారో అడగాలి. ఆ రోజు అలా అడిగే ధైర్యం ఉన్నది చాంద్‌బీ ఒక్కరికే.

ఇంతవరకు రాసి, అచ్చుకు పంపేముందు ఆమెకు వినిపించడం న్యాయమనిపించింది. ఇప్పుడు ఆమె వేరేవాళ్ళ మడి కౌలుకు తీసుకుని, కరీంనగర్ రోడ్డు పక్కన పాలకూర, కొత్తిమీర కట్టలు పెట్టుకుని కూర్చుంటుంది. గోనెపట్టా మీద నీళ్ళు చల్లుతూ చివరిదాకా విన్నది. నస్రీన్ పేరు వచ్చినప్పుడు మాత్రం చెయ్యి ఆపింది. చివరి వాక్యం అయ్యాక నా వైపు చూసింది.

"ధైర్యమా? మీకెవలు జెప్పిన్రు సార్? మల్లేశం మీ తానికి వచ్చిండని రాసిన్రు. నా తానికి ముందురోజే వచ్చిండు. నస్రీన్ ఎన్ని గంటల బస్సుకు దిగుతదో జెప్పి పోయిండు. నేను లేసినప్పుడు కాళ్ళు సల్లబడి, ముందట ఉన్న కుర్చీ వట్టుకొని నిలవడ్డ. మీరు కిందికి సూసుకుంట సదువుతుండ్రి, మీకేం కనవడ్తది? గా ధైర్యం అన్న ముక్క కొట్టేసి, గీమె గూడ భయపడ్డది అని రాయిండ్రి."