సగం ట్యాంకరు

అందరూ ఆయన్ను క్రేను మామ అంటారు. బోల్తా పడ్డ బండ్లను లేపి నిలబెట్టడం ఆయన పని. ఆ పనిలోనే జుట్టు నెరిసింది, ఓపికా నశించింది. బండి పడ్డ ప్రతిచోటా జనానిది ఒకటే పాట: "ఈ మలుపు మంచిది కాదండీ." ఆ మాట వింటే ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

"మలుపేం చేసిందయ్యా? అది ఉన్నచోటే ఉంది. టాపు మీద ఇల్లంత సామాను కట్టి, అరిగిన టైర్లతో ఎగిరెగిరి వచ్చింది నువ్వు!"

వినేవాళ్లు బుద్ధిగా తలూపి, పక్కకెళ్లి చాదస్తం అనుకునేవాళ్లు.

బయటివాళ్ల సంగతి ఎలా ఉన్నా, ఇంట్లోనే ఒకడు తయారయ్యాడు. అల్లుడు. పాల ట్యాంకరు నడుపుతాడు. నిండుగా ఉంటే ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిపేవాడు, సగం దింపేశాక మాత్రం రెక్కలొచ్చేవి. "బరువు తగ్గింది కదా మామయ్యా" అనేవాడు. ఆ డ్రైవర్లందరిదీ అదే లెక్క.

ఉండబట్టలేక ఒకరోజు ఆయన బేసిన్‌లో సగం నీళ్లు పోసి అల్లుడి చేతిలో పెట్టాడు. "ఇది పట్టుకుని గబగబా వంటింట్లోకి తిరుగు."

గుమ్మం దగ్గర తిరిగేసరికి నీళ్లన్నీ ఒక పక్కకి ఎగదన్ని చొక్కా తడిపేశాయి.

"చూశావా? ట్యాంకరు నిండుగా ఉంటే పాలకి కదలడానికి చోటుండదు. సగముంటే అన్నీ ఒకేసారి పక్కకి దూకి బండినే పడేస్తాయి. బెల్టు లేనివాడు బయటికి ఎగిరి దాని కిందే పడతాడు."

కూతురు పడీపడీ నవ్వింది. "ఇంటికొచ్చిన అల్లుణ్ని తడుపుతారా ఎవరైనా?" అని భార్య కసిరింది. అల్లుడు చొక్కా పిండుకుంటూ "సరే మామయ్యా" అన్నాడు. ఆ సరే ఎలాంటిదో ఆయనకు తెలుసు.

కొద్ది రోజులకే ఫోను వచ్చింది. మలుపులో పాల ట్యాంకరు పడిందట. క్రేను ఎక్కింది మొదలు ఆయన అల్లుణ్ని తిడుతూనే ఉన్నాడు. అక్కడికి చేరగానే క్రేను మీంచి దూకాడు. రోడ్డంతా పాలు. పక్కకి ఒరిగిన క్యాబినుకి కూతురు కుట్టిచ్చిన ఎర్ర కర్టెను వేలాడుతోంది. లోపల ఎవరూ లేరు. ఆయన పాలల్లోనే మోకాళ్ల మీద కూలబడి బండి కిందకి తొంగిచూశాడు. ఇన్నేళ్లలో చాలామంది ఆయనకు అక్కడే దొరికారు.

"మామయ్యా, ఇక్కడున్నా."

వెనక రాయి మీద, విరిగిన చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు అల్లుడు.

"ఈ మలుపు..." అని మొదలుపెట్టి, మామ మొహం చూసి ఆగిపోయాడు. "సగమే కదా అనుకున్నా."

"బెల్టు పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా. లేకపోతే మీరు చంపేస్తారుగా."

ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చుట్టూ చేరినవాళ్లలో ఒక పెద్దమనిషి జాలిగా ఆయన భుజం తట్టాడు.

"ఏం చేస్తాం, ఈ మలుపు మంచిది కాదండీ."

క్రేను మామ కళ్లు తుడుచుకుని, లేచి, ఆ పెద్దమనిషి వైపు తిరిగాడు.